హస్కీకి ఏసీ, అమ్మ చేతిలో విసనకర్ర

ఇల్లు కట్టడం అయిపోయింది. గ్రానైటు పరిచారు, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టారు, గేటుకి రెండు సింహం మొహాలు వేయించారు. అయినా ఏదో వెలితి. విజయనగరం రింగు రోడ్డు వైపు గానీ, శ్రీకాకుళం శివారు లేఔట్లలో గానీ కొత్తగా గృహప్రవేశం చేసిన పెద్దమనిషిని కదిపితే ఆ వెలితి ఏమిటో చెప్పేస్తాడు. 'మంచి బ్రీడు' కావాలట. 'కుక్క ఉన్నది జాగ్రత్త' అన్న బోర్డు ముందే తగిలించేశాడు. ఇప్పుడా బోర్డు పరువు నిలబెట్టే కుక్కని వెతకాలి.

వెతుకులాట పెళ్ళిసంబంధం చూసినట్టే సాగుతుంది. రంగేమిటి, వంశమేమిటి, తండ్రికి ఏ పోటీలో పతకం వచ్చింది, కాగితాలున్నాయా? చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే పత్రంలో కుక్కపిల్ల తాతముత్తాతల పేర్లుంటాయి. తద్దినం నాడు సొంత ముత్తాత పేరడిగితే నీళ్ళు నమిలే మనిషి, కుక్క ముత్తాత పేరు మాత్రం ఇంటిపేరుతో సహా అప్పజెప్తాడు.

అమ్మేవాడి దగ్గర ఒక్కటే మంత్రం. "ఇది ఫ్యామిలీ డాగండీ, పిల్లలతో చాలా బాగుంటుంది." గుర్రప్పిల్లంత ఉన్నా ఫ్యామిలీ డాగే, అరచేతిలో పట్టేదైనా ఫ్యామిలీ డాగే. ఏ ఫ్యామిలీకి అని మాత్రం కొనేవాడు అడగడు. మన ఫ్యామిలీ ఏమిటో చూద్దాం. నాన్నకి పాలకొండ అవతల స్కూల్లో ఉద్యోగం, ఏడింటికే బస్సు. పిల్లలు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో. నాయనమ్మకి మోకాళ్ళు పనిచెయ్యవు. మిగిలింది అమ్మ. కుక్కని పెంచుతున్నది నాన్న, దాని పెంట ఎత్తుతున్నది అమ్మ. ఫ్యామిలీ డాగ్ అనే మాటలో ఉన్న ఫ్యామిలీ మొత్తం ఆవిడొక్కర్తే.

హస్కీ సంగతే తీసుకోండి. సైబీరియా ఈశాన్య కొసన చుక్చీలనే జనం తరతరాలుగా మంచుబండికి కట్టి నడిపిన కుక్క అది. 1925లో అలాస్కాలోని నోమ్ అనే ఊళ్ళో పిల్లలకి డిఫ్తీరియా సోకితే, వెయ్యి కిలోమీటర్లకి పైగా గడ్డకట్టిన దారిలో కుక్కలబండ్లు వంతులేసుకుని పరిగెత్తి, అయిదున్నర రోజుల్లో మందు చేర్చాయి. ఆ పరుగుతోనే టోగో, బాల్టో అనే కుక్కల పేర్లు చరిత్రకెక్కాయి. ఆ వంశంలో పుట్టినదాన్ని తెచ్చి మనవాళ్ళు మూడో అంతస్తు బాల్కనీలో, తులసికోటకీ వాషింగ్ మెషీనుకీ మధ్య కట్టారు. అదీ ఏ ఊళ్ళో? సాక్షాత్తూ సూర్యనారాయణమూర్తి అరసవల్లిలో కొలువుతీరిన ఊళ్ళో! మంచుకుక్కకి ఇంతకంటే ఎదురు దేవుడు ముక్కోటిలో దొరకడు.

రాయలసీమ ఎండ కాలుస్తుంది, మన ఎండ ఉడకబెడుతుంది. తేడా సముద్రపు తేమలో ఉంది. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పితే నోట్లోని తడి ఆరాలి, ఆ ఆరడంతోనే ఒళ్ళు చల్లబడాలి. మే నెలలో స్నానం చేసి వచ్చాక మన వీపే ఆరదు, దాని నాలుక ఎక్కడ ఆరుతుంది? పైగా దానికి రెండు పొరల బొచ్చు. "గుండు గీయించేస్తే సరి" అంటాడొక మేధావి. సింహాచలం మొక్కు కాదది. ఆ బొచ్చు చలినే కాదు, సూటిగా తగిలే ఎండనీ అడ్డుకుంటుంది. గీయిస్తే చర్మం మాడుతుంది, మళ్ళీ మొలిచేది సరిగ్గా మొలుస్తుందన్న భరోసా కూడా లేదు.

అంచేత హస్కీకి ఏసీ పెట్టారు. కిందటి వేసవిలో మా వీధి చివరి డాబాలో మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. కుక్క బాత్రూం గచ్చు మీద నాలుగు కాళ్ళూ బారజాపి, నాలుక జానెడు బయటపెట్టి, డొక్కలెగరేస్తోంది. ఆ ఇంటి పెద్దావిడ గుమ్మంలో పీటేసుకుని కూచుని, కొంగుతో మెడ తుడుచుకుంటూ, తాటాకు విసనకర్రతో దానికి విసురుతోంది. నన్ను చూసి, "మా మావకి ఆకరి రోజుల్లో ఇసిరినాను బావూ, మళ్ళీ ఇదిగో, దీనికే" అంది. కొడుకు ఆఫీసులో ఉన్నాడు. అక్కడ ఏసీ ఉంది, జనరేటరూ ఉంది.

ఇది ఒక మధ్యాహ్నం మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కరెంటు స్తంభాల్ని నేలకూల్చినప్పుడు, చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అంతకు నాలుగేళ్ళ ముందు హుద్‌హుద్ వచ్చింది. 2021లో గులాబ్ కళింగపట్నం దగ్గరే దిగింది. ఇలాంటి తీరంలో ఏసీ మీద బతికే జీవాన్ని తెచ్చేవాడు దానికంటే ముందు జనరేటరు కొనుక్కోవాలి. కొన్నాడో, తుఫాను మర్నాడు వీధి వీధంతా సెల్‌ఫోన్లు పట్టుకుని వాడి గేటు ముందుంటుంది. ఏ జాతి కుక్కా ఆపలేని జనం!

సెయింట్ బెర్నార్డ్ ఇంకా పెద్ద మనిషి. స్విట్జర్లాండు, ఇటలీ సరిహద్దు కనుమలో, సముద్రమట్టానికి దాదాపు 2,470 మీటర్ల ఎత్తున, దారితప్పిన బాటసారుల్ని వెతకడానికి అక్కడి మఠంలో సన్యాసులు పెంచిన జాతి. బారీ అనే కుక్క నలభైమందికి పైగా కాపాడిందని చెప్తారు, దాని రూపాన్ని బెర్న్ మ్యూజియంలో భద్రంగా ఉంచారు. మెడలో బ్రాందీ పీపా ఉండేదన్నది మాత్రం కట్టుకథ. (మనవాళ్ళలో కొందరికి ఆ ఒక్కటీ నిజమైతే బాగుండునని ఉంది.) ఆమదాలవలస రోడ్డు మీద మంచుచరియల కింద కూరుకుపోయినవాడు ఇంతవరకు లేడు. గోతిలో పడ్డవాళ్ళున్నారు గానీ, వాళ్ళని లేపడానికి మనిషంత బరువున్న కుక్క అక్కర్లేదు.

జర్మన్ షెపర్డ్‌ని 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అనే సైనికాధికారి ఒక జాతిగా నిలబెట్టాడు, గొర్రెల మంద కాయడానికి. మన మెట్టచేల మీద మందల్ని తోలుకెళ్ళే కాపరుల వెంట ఆ కుక్క నాకెప్పుడూ కనబడలేదు. గొర్రె ఒక్కటీ లేని రిటైర్డు ఆఫీసర్ల పోర్టికోల్లో మాత్రం గొలుసుకి కట్టి ఉంటుంది. పని లేని తెలివైన జీవం ఏం చేస్తుందో ఆ ఇళ్ళలో సోఫాలు చూస్తే తెలుస్తుంది.

రాట్‌వైలర్ కొన్నవారి ధైర్యానికి 2024 మార్చి 12న పరీక్ష వచ్చింది. ప్రమాదకరమంటూ 23 రకాల కుక్కల్ని అమ్మనివ్వొద్దని, వాటికి లైసెన్సులివ్వొద్దని కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకి లేఖ రాసింది, అందులో రాట్‌వైలరూ ఉంది. ఎవరినీ సంప్రదించకుండా రాశారని కర్ణాటక హైకోర్టు ఏప్రిల్లో ఆ ఉత్తర్వు కొట్టేసింది. మధ్యలో ఆ నెల రోజులూ మాత్రం "మాది బాగా సాధువండీ, పిల్లిని చూసినా భయపడుతుంది" అన్న మాటలు వినబడ్డాయి. దొంగలు వినకుండా ఉంటే చాలు.

లాబ్రడార్‌కి నిజానికి మన తీరంలో ఉద్యోగం రావాలి. దాని పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్లాండ్ తీరంలో జాలర్లతో కలిసి చల్లటి నీళ్ళలో వలలు లాగేవి. మన భావనపాడులోనో చింతపల్లిలోనో దించితే వంశవృత్తి గుర్తొచ్చేది. మనం దాన్ని సోఫాలో కూచోబెట్టి బిస్కెట్లు పెట్టాం. ఆకలిని అదుపుచేసే ఒక జన్యువు లాబ్రడార్లలో దాదాపు నాలుగోవంతుకి దెబ్బతిని ఉందని 2016లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు తేల్చారు. వాటికి ఎంత తిన్నా తిన్నట్టుండదు. "పాపం, ఎలా చూస్తోందో" అంటూ ప్రతి పండక్కీ అరిసె పెట్టే ఇంట్లో అలాంటి కుక్క పడితే, రెండేళ్ళలో బల్లకి కాళ్ళొచ్చినట్టు తయారవుతుంది.

ఇక ఫ్యాషన్ చూసి కొన్నవి. 1994 హిందీ సినిమా 'హమ్ ఆప్కే హై కౌన్' మనకి 'ప్రేమాలయం'గా వచ్చింది. తెల్లటి బొచ్చుకుక్క అందులో క్రికెట్ అంపైరింగ్ కూడా చేసింది, అప్పట్నించి ప్రతి బ్యాంకు కాలనీలోనూ ఒక బొచ్చుకుక్క. 2003లో హచ్ ఫోన్ కంపెనీ ప్రకటనలో ఒక పిల్లాడి వెంట పగ్ నడిచింది, ఇక వీధికో పగ్. దానికి ముక్కే సరిగ్గా లేదు, రొప్పడానికి గాలి ఆడదు, మన ఉక్కలో ఊపిరి తియ్యడమే దానికొక ఉద్యోగం. నిద్దట్లో గురక పెడుతుంటే ముద్దుగా ఉందని స్టేటస్ పెడతారు. అది ఊపిరాడక చేసే చప్పుడు నాయనా.

వీటన్నిటికంటే కొత్త రకం ఒకటుంది, తోడు కుక్క. బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్న కొడుకు ఆన్‌లైన్లో డబ్బు కడతాడు, విశాఖ నుంచి కార్లో కుక్కపిల్ల దిగుతుంది. "మీకు తోడుగా ఉంటుందమ్మా." వెనకటికి ఈ జిల్లాల నుంచి రంగం (రంగూన్) వెళ్ళినవాళ్ళు మనియార్డర్లు పంపేవారు. తర్వాత చెన్నైకీ, హైదరాబాదుకీ, గల్ఫుకీ వలసపోయినవాళ్ళూ డబ్బే పంపారు. చదువుకున్నవాళ్ళం కదా, మనం జాతికుక్కని పంపుతున్నాం. అమ్మ మాత్రం చూడగానే, "ఏటిరా బావూ ఇది, ఎలుగు పిల్లని పంపినావా? మోకాళ్ళ నొప్పుల్తో నాను దీన్నెక్కడ తిప్పగల్ను?" అంటుంది. ఫోను అవతలివాడు నవ్వుతాడు. అలవాటైపోతుందంటాడు.

పొద్దున్నే విజయనగరం అయ్యకోనేరు గట్టు మీదికి వెళ్ళి చూడండి. డెబ్బై దాటిన మాస్టారు వెనక్కి వాలిపోయి, చెప్పుల మడమలు నేలకి రాస్తూ, గొలుసు రెండు చేతులా పట్టుకుని వస్తుంటారు. ముందు ముప్పై కిలోల లాబ్రడార్ బ్రూనో. ఆయన భుజానికి పట్టీ ఉంది. ఆదివారం వీడియో కాల్లో మొదటి ప్రశ్న "బ్రూనో తిన్నాడా?" అని. ఆయన షుగరు సంగతి మూడో ప్రశ్నగా వస్తుంది, అదీ నెట్టు ఆగకపోతే. అర్ధరాత్రి కుక్కకి వాంతులైతే గరివిడి పశువైద్య కళాశాలకో విశాఖకో కారు మాట్లాడుకుని పరిగెత్తేది ఈ వయసు వాళ్ళే. తోడు కావలసింది వాళ్ళకి, తోడుగా నిలబడుతున్నది మళ్ళీ వాళ్ళే.

ఇన్ని దేశాలు గాలించినా, గేటు బయట కూచున్న అభ్యర్థిని ఎవరూ ఇంటర్వ్యూకి పిలవరు. పొట్టి బొచ్చు, నిక్కిన చెవులు, రోహిణి కార్తెలో ఏ చెట్టు నీడ ఎక్కడికి జరుగుతుందో తెలిసిన బుర్ర. చోడి అంబలి పోసినా తాగుతుంది, చేప తలకాయేస్తే పండగ. ఉద్దానం జీడితోటల్లోకి ఎలుగుబంట్లు దిగితే ముందుగా మొరిగి ఊరు లేపేది ఈ నాటుకుక్కే. 2022 జూన్‌లో కిడిసింగిలో ఎలుగుబంటి మనుషుల మీద పడ్డాక, అటువైపు ఆ మొరుగుడు విలువ ఎవరికీ చెప్పనక్కర్లేదు. స్వర్గం గుమ్మం దాకా ధర్మరాజు వెంట నడిచిన కుక్క ఏ జాతో వ్యాసుడు రాయలేదు, ఇంద్రుడు కూడా కాగితాలడగలేదు.

2020 ఆగస్టు 30న ప్రధాని 'మన్ కీ బాత్'లో దేశీ జాతుల్ని పెంచుకోమన్నారు. ముధోల్, రాజపాళయం, చిప్పిపారై పేర్లు చెప్పారు. మంచిదే. మనవాళ్ళకి మాత్రం అందులో 'దేశీ' అన్నమాట వినబడలేదు, 'జాతులు' అన్నది వినబడింది. కుందేళ్ళని తరమడానికి పుట్టిన ముధోల్ వేటకుక్కకి ఇప్పుడు రెండు పడగ్గదుల ఫ్లాట్లో మంచం కింద చోటు చూస్తున్నారు. గేటు బయటిది ఇంకా గేటు బయటే ఉంది.

నాటుకుక్కని దేవుణ్ణి చెయ్యమని నేననడం లేదు. దానికీ రేబిస్ టీకా వెయ్యాలి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాలి, పిల్లగా ఉన్నప్పుడే తెచ్చి మనుషులకి మచ్చిక చెయ్యాలి. రేబిస్ లక్షణాలు పైకి తేలాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. ఈ విషయంలో జాతికుక్కకీ ఊరకుక్కకీ తేడా లేదు.

ఇంత చెప్పినా జాతికుక్కే కావాలంటే, డబ్బు తియ్యబోయే ముందు అమ్మేవాణ్ణి రెండు ముక్కలడగండి. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కల్ని పుట్టించి అమ్మేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. రిజిస్ట్రేషన్ నంబరు చెప్పమనండి. పిల్ల తల్లిని చూపించమనండి. "ఇది ఫ్యామిలీ డాగండీ" అని మళ్ళీ మొదలెట్టాడంటే ఆ రెండూ లేవన్నమాట.

పై దేశాల్లో ఉన్న బాబులకి ఇంకొక్క మాట. దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమాను. కుక్కకి కట్టే డబ్బుతో ఈసారి టికెట్టు కొనుక్కోండి. ఓ పదిరోజులుండి, పొద్దున్నే నాన్న పక్కన అయ్యకోనేరు గట్టు మీద నడిచి చూడండి. ఆ ఇంటికి కుక్క కావాలో వద్దో, కావాలంటే ఏది కావాలో అప్పుడు మాట్లాడుకుందాం. అందాకా బ్రూనోకి తమ్ముణ్ణి పంపకండి.