వంకర ముక్కు

కరణ్‌కోటలో మా కాక పేరు చెప్పి అడిగితే ఎవరూ గుర్తుపట్టరు. వంకరముక్కోడు అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. చిన్నప్పుడు ఎడ్లబండి మీది నుంచి పడ్డాడట. ఆ ముక్కుతోనే ఇరవై ఏళ్లుగా బండల యూనిట్‌లో కోత మిషన్ మీద పని. రంపం నాపరాయిని పట్టిందంటే పక్కనున్నవాడితో చేతులతోనే మాట్లాడాలి. రానురాను ఇంట్లో కూడా కాకతో చేతులతోనే మాట్లాడాల్సి వచ్చింది.

సంక్రాంతి పోయినాక సేటు పిలిచాడు. "నీ చెవుడంతా ఆ ముక్కు వల్లనే. ఆపరేషన్ చేయించుకో, ఖర్చు నాది" అన్నాడు. ఊరంతా ధర్మప్రభువన్నది. చెవికి రోగమొస్తే ముక్కు కోసుడేందని గొణిగింది మా చిన్నమ్మ ఒక్కతే.

ఆమె అనుమానం కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి డాక్టరు తీర్చాడు. ముక్కు వెనక నుంచి చెవి లోపలికి మూడున్నర సెంటీమీటర్ల గొట్టం ఉంటుంది. గుటక వేసినా ఆవులించినా తెరుచుకుని చెవిలోకి గాలి పంపుతుంది. జలుబు చేస్తే చెవులు దిబ్బడేసి, గుటక పడగానే టప్పున విడుస్తాయే, అదే ఇది. ముక్కు దూలం ఒరిగితే గాలి సరిగ్గా ఆడక లోపలి పొర వాస్తుంది, గొట్టం మూతి మూసుకుపోతుంది. చెవిలో ఉన్న గాలి ఇంకిపోయి కర్ణభేరి లోపలికి గుంజుకుంటుంది, నీరు కూడా చేరొచ్చు. వంకర దూలాలు లోకంలో కొల్లలు, అందరికీ ఇట్లా కాదు. కాకకు అయింది.

అంటే సేటు మాట నిజమే. సగం.

మిగతా సగం వినికిడి పరీక్ష కాగితంలో ఉంది. డాక్టరు పెన్నుతో చూపించాడు. "ఈ రెండు గీతల మధ్య ఎడం ముక్కు వల్ల వచ్చింది, ఆపరేషన్‌తో తగ్గొచ్చు. ఇక్కడ, నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర రెండు గీతలూ కలిసి గుంటలో పడ్డాయి చూడు. ఇది మిషన్ చప్పుడు. లోపలి చెవి దెబ్బతిన్నది. దీనికి కత్తీ లేదు, మందూ లేదు."

ఆపరేషనయింది. ముక్కులో కుక్కిన దూది తీసేదాకా చెవులు ఇంకా దిబ్బడేశాయి. ఉన్నది కూడా పాయెనని చిన్నమ్మ శోకాలు. కొన్ని వారాలకు దిబ్బడ విడిచింది. కాకకు ఇప్పుడు గొంతు వినబడుతుంది, మాట తెలియదు. మనవరాలు పిలిస్తే తిరిగి చూస్తాడు, ఏమన్నదో పక్కవాళ్లను అడుగుతాడు.

నష్టపరిహారం ఇవ్వాల్సిన వృత్తి రోగాల జాబితాలో చప్పుడు వల్ల వచ్చే చెవుడు కూడా ఉంది. ఆ మాట పట్టుకుని కాకను వెంటబెట్టుకుని సేటు దగ్గరికి పోయాను. ఆయన కోపం చేసుకోలేదు. చాయ్ తెప్పించి, బీరువా తెరిచి బాండ్ పేపరు ముందు పెట్టాడు. 'నా చెవుడు చిన్ననాటి ముక్కు వంకర వల్ల వచ్చినది, మిషన్‌కు ఎట్టి సంబంధమూ లేదు.' కింద కాక వేలిముద్ర.

"ఇదెప్పుడు వేసినవ్ కాకా?" అని చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను.

"అడ్వాన్సు కాయితం గద బిడ్డా" అన్నాడు.

తేదీ చూశాను. దసరా ముందురోజు.

కోఠి డాక్టరు ఆ ముక్కులో మొదటిసారి లైటు వేసి చూసింది మాఘమాసంలో.