పాతిక రోజులు లేటుగా ఫలించిన జోస్యం

భూకంపం ఎప్పుడొస్తుందో ముందే చెప్పేవాళ్లకు లోకంలో కొదవ లేదు. ఎటొచ్చీ వాళ్లు చెప్పిన రోజున రావడానికే భూకంపానికి తీరిక దొరకదు.

జపాన్‌లో రియో తత్సుకి అనే బొమ్మల కథల రచయిత్రి ఉన్నారు. తనకొచ్చిన కలలను 1999లో పుస్తకంగా వేశారు. అట్ట మీద ‘2011 మార్చిలో మహా విపత్తు’ అని ఉంది. సరిగ్గా ఆ నెలలోనే తోహోకు సునామీ వచ్చింది. దాంతో ఆమె దశ తిరిగింది. 2021లో వచ్చిన కొత్త కూర్పులో మరో కల, ఈసారి గడువు 2025 జులై. ఆమె కలగన్న తేదీని, వేళను పట్టుకుని జనం జులై 5 తెల్లవారుజామున 4.18కి ప్రళయమని ముహూర్తం ఖాయం చేసేశారు. హాంకాంగ్ పర్యాటకులు ఎందరో జపాన్ ప్రయాణాలు మానుకున్నారు. ఎక్కేవాళ్లు లేక ఓ విమాన సంస్థ సెందాయ్ సర్వీసులు తగ్గించుకుంది. ఫలానా రోజు, ఫలానా చోట, ఇంత తీవ్రతతో భూకంపం వస్తుందని చెప్పడం ఇప్పటి శాస్త్రానికి సాధ్యం కాదని జపాన్ వాతావరణ సంస్థ అధిపతి విలేకరుల ముందు మొత్తుకున్నారు. ఎవరు వింటారు? పాపం, ఆయనకు కలలు రావాయె!

జులై 5 వచ్చింది, వెళ్లింది. భక్తులు నాలుగు రోజులు నోరు మెదపలేదు. జులై 30న రష్యాలోని కమ్చాట్కా తీరంలో 8.8 తీవ్రతతో భూమి కంపించిందో లేదో, ‘చూశారా, అన్నట్టే జరిగింది!’ అంటూ లేచి కూర్చున్నారు. జరిగింది పాతిక రోజుల తర్వాత, అదీ వేరే దేశంలో. అయితేనేం, పెద్ద మనసుతో సర్దుకుపోయారు.

ఆ రోజు అసలు పని చేసినవాళ్ల గురించి మాత్రం ఎవరూ లేచి కూర్చోలేదు. జపాన్‌లో నిమిషాల్లో హెచ్చరికలు వెళ్లాయి. దాదాపు 20 లక్షల మందిని ఎత్తయిన చోట్లకు వెళ్లమన్నారు. మూడు మీటర్ల దాకా అల రావచ్చని చెబితే వచ్చింది మీటరున్నర లోపే. జోస్యం పాతిక రోజులు తప్పినా మహిమే, హెచ్చరిక మీటరు తప్పితే మాత్రం వైఫల్యం!

మనమేమీ తీసిపోలేదు. ఉగాది పంచాంగ శ్రవణంలో ఏదో ఒక దిక్కున భూకంపం రానే వస్తుంది. ఎక్కడ భూమి కదిలినా ‘బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు’ అనే పెద్దమనిషి ప్రతి అరుగు మీదా ఉంటాడు. ఆ ‘ఎప్పుడో చెప్పింది’ ముందు రోజు ఒక్కడికీ గుర్తురాదేం? 2024 డిసెంబరు 4 ఉదయం ములుగులో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చి హైదరాబాద్ దాకా కుదిపింది. ముందు రోజు రాత్రి ఏ అరుగు మీదా చప్పుడు లేదు.

2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర సముద్రం అడుగు కదిలాక, అల మన తూర్పు తీరానికి చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ రెండు గంటల్లో ‘పరిగెత్తండి’ అని చెప్పే నాథుడు లేకపోయాడు. ఒక్క ఆంధ్రప్రదేశ్ తీరంలోనే వంద మందికి పైగా పోయారు. ఆ దెబ్బతోనే హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. వాళ్లు కలలు కనరు. భూమి కదిలాక ఆ కదలికను కొలుస్తారు, సముద్రంలోని పరికరాల్లో నీటిమట్టం చూస్తారు, అల ఏ తీరానికి ఎప్పుడు చేరుతుందో లెక్క కడతారు. భూకంపం కంటే ముందు కాదు, అల కంటే ముందు చెబుతారు. ఆ తేడా తెలిస్తే చాలు, ప్రాణం దక్కుతుంది.

2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గరే 8.6 తీవ్రతతో మళ్లీ కంపించింది. హెచ్చరికలు వెళ్లాయి, తీరం వెంట జనం పరుగులు తీశారు. పెద్ద అల రాలేదు. సముద్రగర్భంలో పలకలు పక్కకు జరిగాయి తప్ప నీటిని పైకి ఎత్తలేదు మరి. మర్నాడు మన మేధావుల ప్రశ్న: ‘ఏదీ మీ సునామీ?’ మాట ఇచ్చి ఎగ్గొట్టినట్టు!

2023లో ప్రభుత్వం సెల్‌ఫోన్లకు అత్యవసర హెచ్చరికను పరీక్షగా పంపింది. ఫోను గీపెట్టింది. ‘హ్యాక్ అయిందా?’ అని కొందరు, ‘దీన్ని ఆపేదెలా?’ అని ఇంకొందరు. నాసా పేరుతో ‘ఈ రాత్రి భారీ భూకంపం’ అని వచ్చే వాట్సాప్ సందేశాన్ని మాత్రం ఆపే ఉద్దేశం ఎవరికీ లేదు. అదైతే మేనత్త కొడుకు దాకా చేరాల్సిందే.

తీరంలో ఉండే అన్నలకూ అక్కలకూ ఒక్క మనవి. బీచ్‌లో ఉండగా భూమి గట్టిగా, చాలాసేపు ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా, ఫోనులో మెసేజ్ కోసం చూడకండి. బయటపడ్డ చేపలు ఏరుకోవడానికి అసలే వెళ్లకండి. మెట్టకు నడవండి, అధికారులు చెప్పేదాకా తిరిగి రాకండి, ఎందుకంటే మొదటి అలతో సునామీ ఆగదు. ఈలోగా మీ ఊరి తుపాను షెల్టర్ తాళం ఎవరి దగ్గరుందో ఈ వారమే కనుక్కోండి.