బండి పందెగాని బీమా పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మల్లినాథ సూరిది మన మెదకు సీమలోని కొలిచెలమ. కాళిదాసు కావ్యాలకు ఆయన రాసిన వ్యాఖ్య పేరు సంజీవని. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన మొదట్లోనే మాటిచ్చాడు. ఇన్ని వందల ఏళ్లలో ఆ మాట బీమా బాండ్లు రాసేవాళ్ల చెవిన పడ్డట్టు లేదు. బాండుకు వ్యాఖ్య రాసే మల్లినాథుడూ పుట్టలేదు. పండితుల్ని పోషించి 'విద్వద్గద్వాల' అనిపించుకున్న సంస్థానం ఉన్న పాలమూరు సీమలోనూ ఇవాళ ఇంటింటి బీరువాలో భద్రంగా ఉన్న గ్రంథం బీమా బాండే. దాచనివాడు లేడు, చదివినవాడు లేడు. అందుకే ఈ సాహసం.

కావ్యనాయకుడు నల్లగొండ పిల్లగాడు. హైదరాబాదులో కొలువు. సెలవు దొరికిందంటే బండిని ట్రాలీలో కట్టుకొని చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టై ట్రాకుకు పోతాడు. జాతీయ స్థాయి బైకు పందేలు ఆడాలంటే నల్లగొండవాడైనా పాలమూరువాడైనా చెన్నైకో, కోయంబత్తూరుకో పోక తప్పదు మరి. దేశంలో మోటారు క్రీడల్ని చూసే ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇచ్చిన లైసెన్సు జేబులో ఉంది. గెలుచుకునేది ఏమీ లేదు, టైర్లకూ పెట్రోలుకూ పెట్టుకునేదే. ఈమధ్యే పెళ్లయింది. అత్తగారు బీమా మాటెత్తింది. ఏజెంటు ఇంటికొచ్చాడు. పద్యం అక్కడ పుట్టింది.

మూలం

ఆ. బండి పందెమాడువాడవా యని ఫార
మడుగ, లేదటంచు మాట దాచె;
కిస్తి కొంత తగ్గె, కేరింతలాడెను;
నామినీకి మిగిలె నాస్తి లేఖ.

ప్రతిపదార్థం

బండి = మోటారు సైకిలు (ఎడ్లబండి కాదు; ఆ చర్చ ముందుంది); పందెమాడువాడవా = పోటీల్లో నడుపుతావా; అని = ఇట్లని; ఫారము అడుగన్ = ప్రపోజల్ ఫారం అడగ్గా; లేదు అటంచు = అబ్బే లేదంటూ; మాట దాచెన్ = నిజం మింగాడు; కిస్తి = ఏటేటా కట్టే ప్రీమియం; కొంత తగ్గెన్ = కొద్దిగా తగ్గింది; కేరింతలాడెను = సంబరపడ్డాడు (ఏకవచనం; సంబరపడింది పాలసీదారా, ఏజెంటా అన్నది పండితుల్లో వివాదం); నామినీకి = భార్యకు; నాస్తి లేఖ = క్లెయిము చెల్లదన్న ఉత్తరం; మిగిలెన్ = మిగిలింది.

తాత్పర్యం

పందేలాడే సంగతి ఫారంలో దాచినవాడు ప్రీమియంలో నాలుగు డబ్బులు మిగుల్చుకున్నాడు, భార్యకు కాగితం మిగిల్చాడు.

వ్యాఖ్య

'ఫారము అడుగ': ఇక్కడ కవి ఒక సూక్ష్మం చూపించాడు. అడిగింది ఫారం, ఏజెంటు కాదు. ఏజెంటు అడగడు, చదువుకుంటూ పోతాడు. షుగరు, బీపీ, గుండె, మందు, సిగరెట్టు అన్నీ అయ్యాక, కొండలెక్కుతారా, విమానం నడుపుతారా, నీళ్లలో మునుగుతారా, మోటారు పందేలు ఆడతారా అన్న వరస వస్తుంది. అప్పటికి ఆయన కలం 'లేదు' గడుల వెంట జోరుగా దిగిపోతుంటుంది.

"తమ్మీ, గివన్ని లేవనే రాస్తున్న. గీడ సంతకం పెట్టు."

"అన్నా, నేను ట్రాకు మీద బండి నడుపుత గదా."

"అది సరదా గదనే. దాంతోని దందా చేస్తున్నవా ఏంది?"

ఏజెంటు చేసిన ఈ అర్థనిర్ణయం తప్పు. వృత్తి సంగతి ఫారం పైనే అడిగేసింది. ఈ గడిలో అడిగిందే సరదా గురించి. కలం ఎవరిదైనా, కింద సంతకం చేసినవాడే ఈ కావ్యానికి కర్త అని చట్టం చూస్తుంది. సంతకం పెట్టే ముందు ఏజెంటన్న నవ్వినా నవ్వకపోయినా, రేపు కంపెనీ చూసేది ఆ గడినే.

సరే, 'ఉంది' అని రాస్తే ఏమవుతుంది? ఆకాశం విరిగి పడదు. ఇంకో కాగితం వస్తుంది. బండి ఎన్ని సీసీలు, ఏడాదికి ఎన్ని పందేలు, ఏ ట్రాకు, లైసెన్సు ఉందా, ఇదివరకు పడ్డావా, పడితే ఎక్కడ విరిగింది. అది చూసి కంపెనీలో అండర్‌రైటరు తీర్పు చెబుతాడు. మామూలు ధరకే ఇవ్వొచ్చు, కొంత అదనం వేయొచ్చు, పందెంలో పోతే చెల్లించం అని షరతు పెట్టొచ్చు, అసలు వద్దనొచ్చు. ఒక కంపెనీ వద్దన్నంత మాత్రాన ఇంకో కంపెనీ అనదు. అదనాన్ని ఎక్కువగా వెయ్యికింత అని లెక్కగడతారు. ఉదాహరణకు వెయ్యికి 2 రూపాయలు అనుకుందాం. 50 లక్షల పాలసీకి ఏడాదికి 10,000 అవుతుంది. పందేనికి పనికొచ్చే హెల్మెట్టు అంతకన్నా ఖరీదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా తీసేశారు. పుర్రెను కాపాడే దానికి బేరమాడని నాయకుడు, ఇల్లాలిని కాపాడే దాని దగ్గర పిసినారి అయ్యాడు. కవి 'కేరింతలాడెను' అన్న చోట హాస్యరసం ఇదే.

'మాట దాచె': పద్యానికి ఆయువుపట్టు. చెప్పిన మాట వెనక చెప్పని అర్థం పలుకుతుందనీ, కావ్యానికి ప్రాణం అదేననీ తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు సిద్ధాంతం చేశాడు. దానికి ధ్వని అని పేరు. ఆలంకారికులు గమనించని సంగతి ఏమిటంటే, 1938 నాటి బీమా చట్టంలోనూ ధ్వని సిద్ధాంతం ఉంది. 45వ సెక్షను వివరణ చూడండి. ఊరికే మౌనంగా ఉండడం మోసం కాదట. కానీ మాట్లాడవలసిన బాధ్యత ఉన్నప్పుడు ఊరుకోవడం, లేదా ఆ ఊరుకోవడమే మాట్లాడినదానితో సమానం కావడం మోసమేనట. మౌనం పలుకుతుందని ఇంతకన్నా బాగా ఏ లాక్షణికుడూ చెప్పలేదు. మన నాయకుడిది మౌనం కూడా కాదు, 'లేదు' గడిలో టిక్కు. అది వాచ్యార్థం. ధ్వని దాకా పోనక్కరలేదు.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. ఈయన జడ్చర్ల బస్టాండులో టీ తాగుతూ చట్టం చెప్పే రకం. "అదే 45వ సెక్షన్ల మూడేండ్లు దాటితే పాలసీని ఎవ్వడు ముట్టొద్దని రాసుంది గద. మూడేండ్లు గమ్మునుంటే అయిపాయె!"

నిజమే, రాసి ఉంది. 2015 సవరణ తర్వాత, మూడేళ్లు నిండిన జీవిత బీమా పాలసీని మోసం పేరుతో కూడా ప్రశ్నించలేరు. పాలసీదారుకు ఇంత గట్టి రక్ష ఇచ్చిన వాక్యం మెచ్చుకోదగ్గదే. కానీ పూర్వపక్షి సూత్రం సగమే చదివాడు. మూడేళ్లు లెక్కించేది పాలసీ ఇచ్చిన నాటి నుంచో, రిస్కు మొదలైన నాటి నుంచో, ఆగిపోయిన పాలసీని మళ్లీ లేపిన నాటి నుంచో, రైడరు చేర్చిన నాటి నుంచో, వీటిలో ఏది చివరిదైతే దాని నుంచి. నడుమ ఒక ఏడు కిస్తీ మరిచి, మళ్లీ కట్టి బతికించుకున్నవాడికి గడియారం మళ్లీ సున్నా నుంచి తిరుగుతుంది. ఆ మూడేళ్లూ ట్రాకు మీద మలుపు మలుపుకీ మోకాలు నేలకు ఆనించి పోతూ, తేదీ దాటే దాకా ప్రాణం నిలుపుకుంటానని ఎవరికి మాటిస్తాడు?

'నామినీకి': ఈ పదంలో కరుణరసం. మూడేళ్లలోపు పోతే కంపెనీ విచారణ మొదలుపెడుతుంది. ట్రాకు వాళ్ల దగ్గర ఫలితాల పట్టికలుంటాయి, ఎఫ్‌ఎంఎస్‌సీఐ దగ్గర లైసెన్సు వివరాలుంటాయి, నాయకుడి ఫోటోలు లోకమంతా ఉంటాయి. దాచింది పొరపాటుగా మాత్రమే అని తేలితే, పాలసీ పోయినా కట్టిన ప్రీమియాలు 90 రోజుల్లో వెనక్కి ఇయ్యాలె. మోసం అన్నారంటే ఆ వాపసు నియమం వర్తించదు. అది మోసం కాదని నిరూపించే భారం, పాలసీదారు బతికి లేడు కనుక, లబ్ధిదారు మీద పడుతుంది. ఏ గడిలో ఎవరు టిక్కు పెట్టారో తెలియని మనిషి, ఆ టిక్కు వెనక దురుద్దేశం లేదని రుజువు చేయాలి. నాస్తి లేఖ చేతిలో పడితే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నాడు, వినియోగదారుల కమిషన్లు జిల్లాల్లో ఉన్నాయి. పోరాడవచ్చు. కానీ ఆ పోరాటం నాయకుడు చేయడు.

శ్లేష: పద్యంలో లేకపోయినా బాండులో ఉంది కనుక చెప్పక తప్పదు. బండి మీద రైడరు ఉన్నాడు, బాండు మీదా రైడరు ఉంది. రెండోది కొంత ప్రీమియం కడితే ప్రమాద మరణానికి అదనంగా చెల్లించే భాగం. ఈ రైడరు ఆ రైడరును కాపాడదు. ప్రమాద రైడర్ల మినహాయింపుల్లో వేట, పర్వతారోహణ, స్టీపుల్‌చేజ్, ఏ విధమైన పందెమైనా అన్న వరస మన దేశంలో తాతల నాటి నుంచి నడుస్తోంది. స్టీపుల్ అంటే చర్చి శిఖరం. ఒక ఊరి చర్చి నుంచి కనిపించే ఇంకో ఊరి చర్చి దాకా కంచెలూ గోడలూ వాగులూ దూకిస్తూ గుర్రాన్ని తోలడం ఐర్లాండు దొరల వినోదం. ఆ వినోదం సముద్రం దాటి దేవరకొండ రైతు బాండులోకి ఎట్లా దూకిందో చరిత్రకారులు చెప్పాలి. మనకు దగ్గరి పందెపు గుర్రాలు మలక్‌పేటలో ఉన్నాయి. వాటి మీద మనవాళ్లు డబ్బులు పెడతారే గానీ ఎక్కరు.

'ఏ విధమైన పందెమైనా' అన్నది ఇంకా పెద్ద చిక్కు. మేళ్లచెరువు శివరాత్రి జాతరలో ఎడ్లతో బండలాగుడు పోటీ పందెమా కాదా? బడి వార్షికోత్సవంలో నిదానంగా తొక్కే సైకిలు పోటీ మాటేమిటి? వరసలో చివర వచ్చిన సాధారణ పదం ముందున్న పదాల జాతినే పట్టుకోవాలని లాయర్లు వాదిస్తారు. అప్పుడు ఎడ్లు బయటపడవచ్చు. మోటారు సైకిలు పందెం మాత్రం ఏ వాదంతోనూ బయటపడదు. మూడేళ్లు దాటినా బయటపడదు. 45వ సెక్షను పాలసీని కొట్టేయనివ్వదు గానీ పాలసీలో ముందే రాసుకున్న షరతును తుడిచేయదు.

కనుక సిద్ధాంతం ఇది. పందేల సంగతి చెప్పి, కంపెనీ వేరే షరతు పెట్టకుండా పాలసీ ఇస్తే, ట్రాకు మీద పోయినా అసలు మొత్తం వస్తుంది. ప్రమాద రైడరు డబ్బు రాదు. చెప్పకపోతే రైడరు డబ్బు ఎట్లాగూ రాదు, అసలుకూ ఎసరే. జీవిత బీమా అసలు పాలసీ, మొదటి 12 నెలల్లో ఆత్మహత్య తప్ప, చావు ఎట్లా వచ్చిందని మామూలుగా అడగదు. ఇంత ఉదారమైన గ్రంథాన్ని ఒక్క టిక్కుతో పాడుచేసుకోవడం నాయకుడి ప్రజ్ఞ.

బండికి తీసే పాలసీ వేరే శాస్త్రం. నిర్వహించే పందేలు, వేగపరీక్షలు తన పరిధిలో లేవని అది సూటిగానే చెబుతుంది. ట్రాకులో దిగిన క్షణం నుంచి బండి అనాథ.

రోడ్డు సంగతి వ్యాఖ్యాత పరిహాసంగా చెప్పడు. మన్ననూరు గేటు పొద్దున ఆరింటికి తెరవగానే శ్రీశైలం రోడ్డు మీద పెద్దపులుల అడవిలో ఆదివారం సాగే చప్పుడు క్రీడ కాదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా బహిరంగ స్థలంలో పందెమాడితే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తాయంటే ప్రభుత్వమే రోడ్డు మూసి నడిపించింది కనుక. చట్టాన్ని మీరిన పని చేస్తూ పోతే ప్రమాద రైడరు అక్కడా చేయి దులుపుకుంటుంది. 2025 జులైలో సుప్రీంకోర్టు ఇంకో సంగతి ఖాయం చేసింది. కర్ణాటకలో అతివేగంగా, నిర్లక్ష్యంగా నడిపి తన తప్పుతోనే చనిపోయిన వ్యక్తి కుటుంబానికి మోటారు వాహనాల చట్టం కింద పరిహారం రాదన్న హైకోర్టు తీర్పును మార్చేందుకు ఒప్పుకోలేదు. అది బండి బీమా మాట, జీవిత బీమా మాట కాదు. జనం రెండూ కలిపేసి భయపడుతున్నారు.

అపవాదం: ఏ గడీ అడగని బీమా కూడా మన సీమలో వచ్చింది. 2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమాలో 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారుకు ప్రభుత్వమే కిస్తీ కడుతుంది. రైతు ఏ కారణంతో పోయినా ఇంటివాళ్లకు 5 లక్షలు. పొలం ఉందా అని అడుగుతుంది గానీ పందేలాడతావా అని అడగదు. తిప్పర్తిలో తండ్రి పేర ఉన్న రెండెకరాలు మన నాయకుడి పేరుకు మారితే, హెల్మెట్టు కింద అతనూ రైతే. బ్యాంకులో ఏడాదికి 436 రూపాయలు పట్టుకునే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి 2 లక్షలదీ ఇదే పద్ధతి. గుంపుగా చేసే బీమాలో మనిషి మనిషినీ విచారించరు. మొత్తం చిన్నది, ప్రశ్నలూ లేవు. 50 లక్షలు కావాలంటే మాత్రం ప్రశ్నకు జవాబియ్యాలె.

ఫలశ్రుతి: ఈ టీకను పారాయణ చేసినవారికి ప్రీమియం తగ్గదు. అయితే బాండు చేతికొచ్చిన నాటి నుంచి 30 రోజుల్లో, నచ్చకపోతే తిప్పి పంపే హక్కు ప్రతి పాలసీదారుకూ ఉంది. బాండు వెనక మీ ప్రపోజల్ ఫారం నకలు ఉంటుంది. బీరువా తెరిచి ఆ పేజీ తీయండి. మీ సరదా గడిలో ఏజెంటు ఏం రాశాడో చూడండి. తప్పు రాసుంటే ఇవాళే కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి, రసీదు తీసుకోండి.