చిన్న కుటుంబం

జూలై 11, ప్రపంచ జనాభా దినోత్సవం. అనంతపురం జిల్లాలోని మా సొంతూరి బడిలో నన్ను మాట్లాడమన్నారు. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని, లెక్కలతోనే మొదలుపెట్టాను.

"1804 ప్రాంతంలో భూమ్మీద జనం 100 కోట్లు. 200 కోట్లు కావడానికి 1927 దాకా, అంటే 123 ఏళ్లు పట్టింది. 1987లో సరిగ్గా ఈ రోజున 500 కోట్లకు చేరామని లెక్కగట్టారు. 2011లో 700 కోట్లు, 2022 నవంబరు 15 నాటికి 800 కోట్లు. మొదట 123 ఏళ్లు పట్టిన 100 కోట్ల పెరుగుదలకు ఇప్పుడు పదకొండేళ్లే పట్టింది!"

పిల్లలు కళ్లార్పకుండా వింటున్నారు.

"జనం పెరిగారు. మరి నీళ్లు పెరిగాయా?"

"లేదు సార్!" బడంతా ఒక్క గొంతుతో అంది.

ఆ సంగతి వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. దేశంలో వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో మాదొకటి. నా చిన్నప్పుడు చేంతాడుకు అందిన నీళ్లు ఇప్పుడు వందల అడుగుల బోరుకూ అందడం లేదు. వేరుశనగ చేలల్లో ఎండిన బోర్లు చూస్తూనే ఆ పిల్లలు బడికి వస్తారు.

బోర్డు మీద రెండు అంకెలు రాశాను. "మనిషికి రోజుకు ఎన్ని నీళ్లివ్వాలో ప్రభుత్వం లెక్క కట్టింది. పల్లెలో 55 లీటర్లు, నగరంలో 135 లీటర్లు. మీలో ఎవరింట్లో ఎక్కువమంది ఉన్నారు?"

ఆరో తరగతి పిల్ల ఒకతి లేచింది. "మేం ఏడుగురం సార్. అమ్మ, నాయిన, అవ్వ, మేం నలుగురం."

"రామ్మా. మీ ఇంటికి ఎన్ని నీళ్లు కావాలో కట్టు."

55ను ఏడుతో హెచ్చించి 385 అని రాసింది. ఆ అంకె వంక వింతగా చూసింది. "ఇన్ని నీళ్లా సార్? మాకు దొరికేది రోజుకు పది బిందెలే."

నా ధ్యాస బిందెల మీద లేదు. నాకు కావలసిన ఉదాహరణ దొరికింది.

"చూశారా, ఒక్క ఇంటికే 385 లీటర్లు! ఇంట్లో మనుషులు తక్కువైతే భూమికి బరువు తగ్గుతుంది. చెట్టుకూ పిట్టకూ నాలుగు చుక్కలు మిగులుతాయి. అందుకే కుటుంబం చిన్నదిగా ఉండాలి."

చప్పట్లు మోగాయి. ఆ పిల్ల తల దించుకుంది. సుద్దముక్క ఇంకా చేతిలోనే ఉంది.

"ఏమైనా అడగాలామ్మా?"

"మీ ఇంట్లో ఎంతమంది సార్?"

"ముగ్గురమే. నేను, మా ఇంటావిడ, మా అమ్మాయి."

"మీరుండేది ఈ ఊళ్లో కాదు కదా సార్?"

"కాదమ్మా, అనంతపురంలో."

బోర్డు వైపు తిరిగింది. 135 కింద 3 వేసి, మూడైదులు పదిహేను అని పైకే అనుకుంటూ హెచ్చించింది. 405 వచ్చింది. పక్కనున్న 385ను చూసి, ఎక్కడో తప్పు చేశాననుకుని చెరిపేసింది. మళ్లీ కట్టింది. మళ్లీ 405.

నా వైపు తిరిగింది. లెక్క సరిచూడమని అడిగే గొంతుతోనే అంది:

"సార్, అయితే చిన్న కుటుంబం మాదేనా?"