రాడార్‌కి వాస్తు

చిన్న తెరచాప పడవ మీద రాడార్ పెట్టడానికి ఉన్నవి రెండే చోట్లు. ఒకటి తెరచాప కట్టే మాస్ట్ మీద, రెండోది పడవ వెనకాల ఓ స్తంభం నిలబెట్టి దాని మీద. రెండే కాబట్టి తేల్చుకోవడానికి మూడేళ్లు చాలు అనుకుంటారు. నాకు చాలలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో బేలో నాకో ముప్ఫై అడుగుల పాత పడవ ఉంది. దాని ముక్కు దగ్గరి చిన్న గదిలో, పరుపు కింద, రాడార్ పెట్టె ఉంది. సీలు తీయలేదు. కాబట్టి ఈ విషయంలో సలహాలివ్వడానికి నాకన్నా అర్హుడు దొరకడు.

ముందు కొనేయండి. చోటు సంగతి తర్వాత. డిస్కౌంటు ఆదివారంతో అయిపోతుంది, చోటు ఎక్కడికీ పోదు.

తర్వాత ఎత్తు లెక్క కట్టండి. ఇందులో ఉన్న సుఖం రాడార్ వాడటంలో ఉండదు. ఎత్తు ఎన్ని మీటర్లో దాని వర్గమూలాన్ని 2.2తో గుణిస్తే, రాడార్ చూపు నీటి మీద ఎన్ని నాటికల్ మైళ్లు పోతుందో సుమారుగా వస్తుంది. మాస్ట్ మీద 9 మీటర్ల ఎత్తున పెడితే 6.6 మైళ్లు. వెనక స్తంభం మీద 4 మీటర్లకి 4.4. చూశారా, మాస్టే గెలిచింది! ఈ లెక్కని కాగితం మీద వేసి, పక్క పడవ పెద్దాయనకి చూపించి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. తెల్లారాక ఆయన ఇంకో లెక్క తెచ్చాడు. ఎదురొచ్చే ఓడకీ ఎత్తుంటుంది కదా, 36 మీటర్ల ఓడైతే దాని వాటా ఇంకో 13.2 మైళ్లు. అంటే పోటీ 19.8కీ 17.6కీ మధ్య. పొగమంచులో మనకి కావాల్సింది మైలు దూరంలో ఉన్నది. పైగా రాడార్ కిరణం నిలువుగా విచ్చుకునేది 25 డిగ్రీలే. 9 మీటర్ల మీద పెడితే, చుట్టూ నలభై మీటర్ల లోపల నీటి మీదున్న బోయా దాని కింద నుంచి జారుకోవచ్చు. సరే, స్తంభమే అనుకున్నాను. అప్పటికి ఎనిమిది నెలలు గడిచాయి.

స్తంభం పెట్టేవాళ్లకి ఒక్క మాట: అది దండెం అవుతుంది. మొదట రాడార్, తర్వాత సోలార్ పలక, జెండా, చివరికి తడి తువ్వాళ్లు.

మాస్టే కావాలనుకుంటే, ఆరేడు కిలోల బియ్యం మూటని అంత ఎత్తున కట్టి పడవ ఎలా ఊగుతుందో చూడండి. దిశ మార్చిన ప్రతిసారీ ముందు తెరచాప దాన్ని ఈడ్చి కొడుతుంది. అది వేరే వినోదం.

పడవ ఇరవై డిగ్రీలు ఒరిగితే రాడార్ ఒక పక్క ఆకాశాన్నీ, రెండో పక్క నీళ్లనీ చూస్తుంది. ఒరిగినా సమంగా ఉండే బ్రాకెట్లు దొరుకుతాయి. వాటి ధర చూశాక మరో ఏడాది ఆలోచించుకోవచ్చు.

పెద్దల్ని అడగడం మర్చిపోకండి. రాజమండ్రి నుంచి వీడియో కాల్లో మా అమ్మ, "ఈశాన్యంలో బరువు పెట్టకు నాన్నా" అంది. లంగరేసిన పడవ ఆటుపోట్లకి ఆరేడు గంటలకోసారి ముఖం తిప్పుకుంటుంది, దాంతో పాటే ఈశాన్యమూ తిరుగుతుంది. ఆ మాట అమ్మకి చెప్పలేదు. నిజానికి, వాయిదాకి ఇంకో కారణం దొరికినందుకు సంతోషమేసింది.

చట్టం కూడా మన పక్షమే. ఓడలు ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నియమాల్లో ఏడోది, రాడార్ బిగించి ఉండి పనిచేస్తుంటే సరిగ్గా వాడాల్సిందే అంటుంది. సీలు తీయని పెట్టెకి ఆ బాధ లేదు. 1956లో ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ అనే ఓడలు ఢీకొన్నప్పుడు రెండింటిలోనూ రాడార్ ఉంది కదా అని కూడా నేను వాదించేవాణ్ని. వాదన బాగుండేది.

హుస్సేన్ సాగర్‌లో డింగీ నడిపిన రోజుల్లో ఈ గొడవే లేదు. బుద్ధుడు కనిపిస్తున్నంతసేపూ దారి తెలిసేది.

పోయిన ఆగస్టులో గోల్డెన్ గేట్ బయటి నుంచి తిరిగొస్తుంటే వంతెన మాయమైంది. ముందు టవర్లు, తర్వాత రోడ్డు, ఆ తర్వాత మా పడవ ముక్కు. మంచులో హారన్ మోగింది. వంతెనదో, ఓడదో తెలియలేదు. పక్క పడవ పెద్దాయన రాడార్‌లో ఈ వంతెనని ఒకసారి చూశాను, తెర మీద ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. మా ఆవిడ ముందుకెళ్లి నిలబడి చేతి హారన్ ఊదుతోంది, రెండు నిమిషాలకోసారి ఒకటి పొడుగు, రెండు పొట్టి.

"ఏవండీ, మనకి రాడార్ ఉందిగా?"

"ఉంది."

"ఎక్కడ?"

"నీ కాళ్ల కిందే."

ఆవిడ ఏమీ అనలేదు. మళ్లీ హారన్ ఊదింది. కాసేపటికి కుడివైపు ఎక్కడో పెద్ద ఇంజిను దడదడ దాటిపోయింది. ఓడ కనబడలేదు, దాని అలలు మాత్రం వచ్చి మమ్మల్ని ఊపి పోయాయి. నా చేతులు గంటసేపు చుక్కానిని వదల్లేదు.

ఆ తర్వాతి శనివారమే డ్రిల్లూ, టేపూ పట్టుకుని వెళ్లాను. పక్క పడవ పెద్దాయన కాఫీ కప్పుతో బయటికొచ్చి, "అయితే స్తంభం మీదేనా?" అన్నాడు. టేపు కింద పెట్టి కూర్చున్నాను.