కరాచీని కూల్చిన కాశీబుగ్గ

2025 మే 8 రాత్రి కరాచీ రేవు తగలబడిపోయింది. తగలబెట్టింది మా శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ బస్టాండు దగ్గర టీకొట్టు బల్ల మీద కూర్చున్న ఆరుగురు. గోడకున్న ఒక టీవీ, నాలుగు సెల్‌ఫోన్లు, ఖాతాలో రాయించి తాగిన టీలు, ఇవీ వాళ్ళ ఆయుధాలు. అయినా మావాళ్ళని అని లాభం లేదు. మన యుద్ధనౌక విక్రాంత్ వెళ్ళి కరాచీని నేలమట్టం చేసేసిందని ఆ రాత్రి దేశంలో పేరున్న చానళ్ళే గొంతు చించుకున్నాయి. తెల్లారి చూస్తే రేవు ఎక్కడిదక్కడే ఉంది. టీవీల్లో ఒకరిద్దరు నాలుక కరుచుకున్నారు. మా బల్ల అదీ చెయ్యలేదు. "బయటికి సెప్పరు బావూ, నోపల మొత్తం బూడిదే" అన్నాడు జీడిపప్పు వ్యాపారి. ఈరోజుకీ అదే మాట మీద ఉన్నాడు.

రేవంటే గుర్తొచ్చింది. మన సంతబొమ్మాళి మండలం మూలపేటలో కూడా ఒకటి కడుతున్నారు. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన చేశారు. రేవు కట్టడానికి ఏళ్ళు పడుతుంది, సహజం. కూల్చడానికి మాత్రం మావాళ్ళకి రెండు టీలు సరిపోయాయి.

కరాచీని నిజంగా చూసినవాళ్ళు మా జిల్లాలో లేకపోలేదు. ఇక్కడి సముద్రంలో వల వేస్తే ఇల్లు గడవక గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి, పరాయి బోట్లలో కూలికి వేటాడే మత్స్యకారులు వాళ్ళు. 2018 చివర్లో అలా వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు నీళ్ళలో కనపడని గీత దాటారని పాకిస్తాన్ వాళ్ళకి పట్టుబడ్డారు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉన్నారు. ఇక్కడ ఆడవాళ్ళు కాగితాలు పట్టుకుని తిరగని ఆఫీసు లేదు. ఇరవై మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర ఈవలకి అడుగుపెట్టారు. వాళ్ళ కథ మీద 'తండేల్' అని సినిమా వచ్చింది, 2025 ఫిబ్రవరిలో. బల్ల మొత్తం వెళ్ళి చూసింది, ఈలలు వేసింది. మూడు నెలలు తిరక్కుండా అదే బల్ల కరాచీని తగలబెట్టింది. అక్కడి జైల్లో ఇంకా ఎవరి తమ్ముళ్ళైనా, ఎవరి బావలైనా ఉన్నారేమో అన్న అనుమానం ఆ రాత్రి ఎవరికీ రాలేదు. టీవీలో మంట బాగుంది మరి.

ఈ బల్ల సంగతి కొంచెం చెప్పాలి. జీడిపప్పు వ్యాపారి ఒకాయన. టెక్కలి నుంచి రోజూ వచ్చిపోయే బీమా ఏజెంటు ఒకాయన. రిటైరైన సోషల్ మాస్టారు, ఫ్లాట్లు అమ్మే కుర్రాడు, పార్టీ మారినప్పుడల్లా కండువా మార్చే ఒక కార్యకర్త, ఏ పనీ లేని మరొకాయన. ఆయనకే అన్నిటికన్నా ఎక్కువ తెలుసు. ఆరుగురిలో ఒక్కరింట్లోనూ మిలటరీ మనిషి లేడు. మా ఉద్దానం ప్రాంతంలో ఇది సాధించడం తేలిక కాదు. ఇక్కడ ఏ ఊళ్ళో ఆగి మిలటరీ వాళ్ళ ఇల్లు ఎక్కడని అడిగినా, "ఎవరిది కావాలి?" అని ఎదురడుగుతారు.

మా వీధిలో ఒకావిడ కొడుకు అప్పుడు కాశ్మీరు వైపు ఉన్నాడు. మే 7న పాకిస్తాన్‌తో పోరు మొదలైనప్పటి నుంచి ఆ ఇంట్లో టీవీ పెట్టలేదు. పక్కింటి టీవీ మోత వినపడకుండా తలుపు వేసుకుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెండో రోజు మా కార్యకర్త పనిగట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాడు.

"పెద్దమ్మా, మీ గుంటడు అక్కడే ఉన్నాడంట కదా. గట్టిగా ఇచ్చీమని సెప్పు!"

"ముందు ఆడికి సెలవిచ్చీమని సెప్పు నాయినా, నీకు తెలిసినోలుంటే" అందావిడ.

ఆ మాట బల్ల దగ్గర చెప్పుకుని నవ్వుకున్నారు. పాపం ఆడకూతురు, వ్యూహం తెలీదన్నారు. మర్నాడు పొద్దున మన రాష్ట్రం గోరంట్ల మండలం కల్లితండా కుర్రాడు, అగ్నివీర్ మురళీ నాయక్, సరిహద్దులో చనిపోయాడన్న వార్త వచ్చింది. బల్ల రెండు నిమిషాలు మౌనం పాటించింది. ఆరుగురూ ఫోన్లలో స్టేటస్ మార్చుకోవడానికి కూడా సరిగ్గా ఆ రెండు నిమిషాలే పట్టింది.

మే 10 సాయంత్రం ఐదింటికి కాల్పులు ఆగాయి. ఆ సాయంత్రం ఆ మొహాలు చూసుండాల్సింది! గెలిచే మ్యాచ్‌లో వాన పడ్డట్టున్నాయి. ఇంకొక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు వదిలేస్తే లాహోరు మనదే అయ్యేదని ఫ్లాట్ల కుర్రాడు లెక్క చెప్పాడు. అతను అమ్మిన ఫ్లాటు మూడేళ్ళయినా రిజిస్టరు కాలేదని మాస్టారికి తెలుసు, కొన్నది ఆయనే. అయినా లాహోరు విషయంలో మాత్రం కుర్రాణ్ణి నమ్మారు.

వీళ్ళు పడుకున్నాక, అంటే తెల్లవారుజాము నాలుగింటికి, ఊరి పొలిమేర రోడ్ల మీద వేరే ఊరు లేస్తుంది. పదిహేడూ పద్దెనిమిదేళ్ళ గుంటలు, కొందరు బూట్లతో, కొందరు ఉత్త కాళ్ళతో, సైన్యంలో చేరడానికి మైలు పరుగు సాధన చేస్తారు. 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో పూర్తయితే 60 మార్కులు. పుల్లప్స్ పది తీస్తే ఇంకో 40. 2022 జూన్ 14న అగ్నిపథ్ పథకం ప్రకటించాక వీళ్ళు పరిగెత్తేది నాలుగేళ్ళ ఉద్యోగానికి. నాలుగేళ్ళయ్యాక నూటికి పాతిక మందికే కొనసాగింపు, మిగతావాళ్ళు దాదాపు పదకొండు లక్షల డెబ్బై వేలు పట్టుకుని ఇంటికి. ఆ నెలలోనే సికింద్రాబాద్ స్టేషన్‌లో గొడవై, పోలీసు కాల్పుల్లో ఒక కుర్రాడు పోయినప్పుడు, బల్ల ఏమందో నాకు బాగా గుర్తు. "దేశం కోసం నాలుగేళ్ళు ఇవ్వలేరేటి ఈ గుంటలు?" అంది. ముప్ఫయ్యేళ్ళు సర్కారు జీతం, ఇప్పుడు పెన్షనూ తీసుకుంటున్న మాస్టారిదీ ఆ మాట.

ఇక సాయాల విషయానికొస్తే మా బల్లకి అంతర్జాతీయ ద్రవ్యనిధి అంటే మంట. ఆ నాలుగు రోజుల్లోనే, మే 9న, పాకిస్తాన్‌కి సుమారు బిలియన్ డాలర్ల విడత విడుదలకు అది ఒప్పుకుంది. మన దేశం ఓటు వెయ్యకుండా పక్కకి తప్పుకుంది. మావాళ్ళ కోపంలో న్యాయముంది, కాదనను. బిలియన్ డాలర్లంటే అప్పటి రేటుకి ఎనిమిదిన్నర వేల కోట్ల రూపాయలు. అలవాటు కొద్దీ నేనొక లెక్క వేశాను. కిడ్నీ జబ్బులతో జనం పోతున్న ఉద్దానానికి హిరమండలం జలాశయం నుంచి మంచినీళ్ళు తేవడానికి పెట్టిన పథకం 700 కోట్లది. ఆ లెక్కన ఆ విడతతో పన్నెండు ఉద్దానాలకి నీళ్ళివ్వొచ్చు. నా లెక్క పూర్తవకుండానే బీమా ఏజెంటు విసుక్కున్నాడు. "మీతో ఇదే గొడవ బావూ! ఏ దేశం గురించి మాట్లాడినా కిడ్నీల దగ్గరికి లాక్కొచ్చీస్తారు."

నిజమే, తప్పు నాదే. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. అక్కడ ఎందరు డాక్టర్లున్నారు, ఎన్ని డయాలసిస్ యంత్రాలు నడుస్తున్నాయని అడిగి చూడండి, బల్ల మీద ఒక్కరూ చెప్పలేరు. రాఫెల్ విమానం రేటు మాత్రం ఆరుగురూ ఆరు రకాలుగా చెబుతారు.

ఉక్రెయిన్ మీద ఇంకా కఠినంగా ఉంటారు. 2024 ఏప్రిల్‌లో అమెరికా ఆ దేశానికి దాదాపు 61 బిలియన్ డాలర్ల సాయం ఒప్పుకున్నప్పుడు "ఊరికే డబ్బు సంచులిచ్చీసినారు" అని ఏ పనీ లేనాయన తేల్చేశాడు. ఆ డబ్బులో పెద్ద భాగం అమెరికా ఆయుధ కార్ఖానాలకే తిరిగి వెళ్తుందని చెబితే ఎవరూ నమ్మలేదు. నాకు ఆశ్చర్యం వేసింది. ఎందుకంటే 'సాయం' అన్న మాటకి అర్థం మావాళ్ళకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తీరాన్ని తుడిచిపెట్టేసింది. పడిపోయిన కొబ్బరిచెట్ల లెక్క రాయించుకోవడానికి, రాయించిన లెక్క ఆన్‌లైన్‌లో ఎక్కించుకోవడానికి, ఎక్కిన లెక్కలో తండ్రి పేరు సరిచేయించుకోవడానికి ఎన్నిసార్లు తిరిగాం! సాయం ఇంటికి నడిచి రాదని చెట్టు చెట్టుకీ నేర్చుకున్న మనుషులు, జెలెన్‌స్కీ గుమ్మంలోకి మాత్రం అది పల్లకీలో వస్తుందని నమ్ముతారు.

యుద్ధం లెక్క సరిగ్గా వేసినవాడు అక్కడ ఒక్కడే, టీకొట్టతను. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద పడింది. అప్పట్లో మనం కొనే సన్‌ఫ్లవర్ నూనెలో చాలా భాగం ఉక్రెయిన్ నుంచే వచ్చేది. కొన్ని వారాలకే డబ్బా రేటు మండింది. అతను ఏ పక్షమూ మాట్లాడలేదు. బజ్జీ సైజు తగ్గించాడు. బల్ల దాన్ని గమనించి గట్టిగా ఖండించింది.

రష్యా ముడిచమురు కొంటున్నామన్న కోపంతో అమెరికా 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు కూడా బల్ల గొప్ప తెగువ చూపింది. "ఇంకా కొందాం, ఏటి సేస్తాడు?" అంది. చేసేది తీరంలో రొయ్యల చెరువులున్నవాళ్ళకి చేశాడు. రొయ్యల రైతు ఒకాయన అదే రోజుల్లో టీకి వచ్చాడు. రొయ్యలు ఎంతకి కొంటున్నారో అడిగిన నాథుడు లేడు. తల వంచుకుని టీ తాగి వెళ్ళిపోయాడు. "దేశభక్తి తక్కువ మనిషి" అన్నారు ఆయన వెనకాల.

సెప్టెంబరులో ఆసియా కప్ వచ్చింది. "మన జవాన్లు సస్తే ఆల్లతో ఆటలేటి? ఆడకూడదు!" అని బల్ల ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇందులో కూడా న్యాయముంది. ఆ తీర్మానం సెప్టెంబరు 14న పాకిస్తాన్‌తో మ్యాచ్‌కి టాస్ వేసేదాకా అమలులో ఉంది. టాస్ తర్వాత "ఎలగూ ఆడతన్నారు కదా" అని కుర్చీలు టీవీ వైపు తిప్పారు. మనం ఏడు వికెట్లతో గెలిచాం. మనవాళ్ళు వాళ్ళతో చేతులు కలపకుండా వెళ్ళిపోయారు. మేలో చేజారిన లాహోరు ఆ రాత్రి దొరికినంత సంబరపడ్డారు. చెయ్యి చాచకపోవడం ఇంత పెద్ద సాహసమని నాకు ముందే తెలిస్తే, బాకీ తీర్చమన్నప్పుడు మా బీమా ఏజెంటు పాటించే పద్ధతికి ఏదైనా పతకానికి సిఫారసు చేసుండేవాణ్ణి.

28న ఫైనల్, అదీ పాకిస్తాన్‌తోనే. 20 పరుగులకే మూడు వికెట్లు పోయిన చోట మన హైదరాబాదు కుర్రాడు తిలక్ వర్మ 69 కొట్టి అవుటవకుండా నిలబడి గెలిపించాడు. ఆ ఇన్నింగ్స్ గురించి బల్ల ఐదు నిమిషాలు మాట్లాడింది. కప్పు తీసుకోకుండా వచ్చేసిన సంగతి మీద రెండు వారాలు మాట్లాడింది. ఇంకో చిన్న విషయం. నాకు తర్వాత తెలిసింది, ఆ రాత్రి బల్ల మీద పందేలు నడిచాయట. మూడు వికెట్లు పడగానే జీడిపప్పు వ్యాపారి పాకిస్తాన్ మీద రెండు వేలు కాశాడట. అడిగితే కాస్త నొచ్చుకున్నాడు. "అది దేశం మీద కాదు బావూ, రేటు మీద" అన్నాడు. ఆ రేటు గొడవలో పడి, 80 కిలోల జీడిపిక్కల బస్తాకి 16 వేలు ఇప్పించమని ఏళ్ళుగా అడుగుతున్న రైతులకి తనిచ్చే రేటెంతో మర్చిపోయినట్టున్నాడు.

మా జిల్లాకి ఆట తెలియక కాదు. ఆమదాలవలస పక్కన ఊసవానిపేటలో ఇనుము ఎత్తడం మొదలుపెట్టిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. మా బల్ల ఎత్తేది టీ గ్లాసు. అదీ ఎవరో ఒకరు పట్టుకొచ్చి ముందు పెడితే.

మే నెలలోదే ఒక సంగతి మిగిలిపోయింది. అవసరమైతే టెరిటోరియల్ ఆర్మీ వాళ్ళని పిలుచుకోవచ్చని సైన్యాధిపతికి కేంద్రం అధికారం ఇచ్చింది. ఆ దళంలో మహేంద్ర సింగ్ ధోనీ గౌరవ లెఫ్టినెంట్ కల్నల్, 2011 నుంచి. ఇంకేం, బల్ల ఊగిపోయింది. "ధోనీ దిగుతాడు, హెలికాప్టర్ షాటే!" 2005 ఏప్రిల్ 5న విశాఖలో పాకిస్తాన్ మీద అతను కొట్టిన 148 మళ్ళీ బంతి బంతికీ చెప్పుకున్నారు. ఆ రోజు స్టేడియంలో తామున్నామని నలుగురన్నారు. ఫ్లాట్ల కుర్రాడు అప్పటికి రెండో తరగతి.

ధోనీ దిగలేదు. కానీ ఆ పేరు విన్నాక నేను కొంచెం వాకబు చేశాను. టెరిటోరియల్ ఆర్మీలో ఆఫీసరుగా చేరడానికి 18 నుంచి 42 ఏళ్ళ దాకా అవకాశముంది. డిగ్రీ ఉండాలి, సొంత సంపాదన ఉండాలి. ఉద్యోగమో వ్యాపారమో మానుకోనక్కర్లేదు, శిక్షణకీ, పిలిచినప్పుడూ వెళ్తే చాలు. లెక్క చూసుకుంటే బీమా ఏజెంటుకి 39, కార్యకర్తకి 36, ఫ్లాట్ల కుర్రాడికి 28. ముగ్గురూ డిగ్రీ పాసైనవాళ్ళే. ఈ వివరాలు ఒక కాగితం మీద రాసి, టీకొట్టులో టీవీ కింద అంటించాను. దరఖాస్తు డబ్బులు ముగ్గురివీ నేనే కడతానని కూడా అందులో రాశాను.

కాగితం అంటించి నెల దాటింది. నన్నింకా ఎవరూ డబ్బులడగలేదు. మొన్న వెళ్ళి చూస్తే దాని మీద బజ్జీల రేట్ల పట్టీ అంటించి ఉంది.