క్రాక్ సాఫ్ట్‌వేర్ గురించి వినకూడని ఏడు సలహాలు

ఏలూరు పవర్‌పేటలోనో, తాడేపల్లిగూడెం బస్టాండు దగ్గరో, కైకలూరు, ఆకివీడు మెయిన్ రోడ్ల మీదో కొత్తగా డిజైనింగ్ షాపు పెట్టుకున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. గూడెం నిట్‌లో చదువుకుంటూ, సాయంత్రాలు వెబ్‌సైట్లు చేసి నాలుగు డబ్బులు సంపాదించుకునేవాళ్ల కోసం కూడా. ఈ పనిలో అడుగు పెట్టగానే మీకు కొన్ని సలహాలు అందుతాయి. ఇచ్చేవాళ్లు దొంగలు కారు. ఊళ్లో మంచి పేరున్నవాళ్లు, మీకు పని నేర్పినవాళ్లు, మీ బాగు కోరేవాళ్లు. ప్రమాదం అక్కడే ఉంది. ముక్కూమొహం తెలియనివాడు క్రాక్ (లైసెన్సు తాళం తీసిన దొంగ కాపీ) ఉన్న పెన్‌డ్రైవ్ ఇస్తే అనుమానిస్తాం. గురువుగారు ఇస్తే కళ్లకద్దుకుంటాం.

పైరసీ సాఫ్ట్‌వేర్ ఆన్‌లైన్‌లో అమ్మి జైలుకెళ్లినవాళ్లు చెప్పుకున్న సాకులు, మన షాపుల్లో వినిపించే మాటలు ఒక్కలాగే ఉంటాయి. అందుకని ఒక్కో సలహా తీసుకుని, అది ఎక్కడ తప్పో, దాని బదులు ఏం చెయ్యాలో చెబుతాను.

1. "అందరూ వాడేదే కదా, మనమొక్కళ్లమేనా?"

కొల్లేటి చుట్టుపక్కల పుట్టినవాళ్లకి ఈ మాట ఖరీదు తెలుసు. 1999లో జీవో 120 ఇచ్చి, అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్ల సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. అయినా చేపల చెరువులు ఆగలేదు. పక్కవాడు గట్టు వేశాడని వీడూ వేశాడు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో 'ఆపరేషన్ కొల్లేరు' మొదలైంది. పొక్లెయిన్లు పెట్టి, పేలుడు పదార్థాలు పెట్టి గట్లు కొట్టేశారు. పక్కవాడి గట్టు వీడి గట్టును కాపాడలేదు.

సాఫ్ట్‌వేర్ విషయంలోనూ అంతే. 1957 కాపీరైట్ చట్టంలో 63బి అని ఒక సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్లో వాడితే కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసమో లాభం కోసమో వాడలేదని తేలితే జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టే వీలు కోర్టుకుంది. ఇంట్లో నేర్చుకునే కుర్రాడికి ఆ దారి ఉంది. బోర్డు పెట్టి, బిల్లు రాసి పనిచేసే షాపుకి లేదు. అందరూ వాడుతున్నారన్న మాట ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు.

2. "బ్యాకప్ కాపీ అని రాసి అమ్ము, ఏమీ కాదు"

అమెరికాలో నేథన్ పీటర్సన్ అనే అతను సరిగ్గా ఇదే చేశాడు. ఐబ్యాకప్స్ పేరుతో సైటు పెట్టి, అడోబీ, మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీల సాఫ్ట్‌వేర్‌ను అసలు ధరకంటే బాగా తక్కువకి, బ్యాకప్ కాపీలని చెప్పి అమ్మాడు. 2005 ఫిబ్రవరిలో ఎఫ్‌బీఐ ఆ సైటు మూయించింది. 2006 సెప్టెంబరులో వర్జీనియాలోని ఫెడరల్ కోర్టు 87 నెలల జైలు వేసింది. పైగా 54 లక్షల డాలర్లు బాధితులకు కట్టమంది.

బ్యాకప్ అన్నది మన చట్టంలోనూ ఉంది. 52వ సెక్షన్ ప్రకారం, న్యాయంగా కొన్న కాపీ పాడైపోతుందన్న భయంతో తన వాడకం కోసం మరో కాపీ దాచుకోవచ్చు. ఆ హక్కు కొన్నవాడిది. కొననివాడికి అమ్మడానికి అది పనికిరాదు. మీ దగ్గర ఒరిజినల్ ఉంటే దాని బిల్లు, లైసెన్సు కీ, కొన్న ఈమెయిల్ ఒక చోట భద్రం చేసుకోండి. బ్యాకప్ హక్కుకి సాక్ష్యం అదే.

3. "సిస్టమ్‌తో పాటు ఊరికే వేసి ఇస్తే అది అమ్మకం ఎలా అవుతుంది?"

సిస్టమ్ అసెంబుల్ చేసి ఇచ్చే షాపుల్లో ఈ మాట వింటాం. కస్టమరు అడుగుతాడు, "బాబూ, విండోస్, ఆఫీసు, ఫోటోషాప్ అన్నీ వేసి ఇచ్చెయ్." కాదంటే పక్క షాపుకి పోతాడని భయం. ఇలా హార్డ్ డిస్కులో దొంగ కాపీలు ఎక్కించి కంప్యూటర్లు అమ్మిన కేసొకటి ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. మైక్రోసాఫ్ట్ వేసిన ఆ దావాలో, యోగేశ్ పాపట్ కేసుగా పేరుపడ్డ తీర్పులో, 2005లో 19.75 లక్షల రూపాయల నష్టపరిహారం కట్టమని కోర్టు చెప్పింది. ఊరికే ఇచ్చినా, డబ్బులకి ఇచ్చినా, సిస్టమ్ అమ్ముడుపోవడానికి అది సాయపడింది కదా. లాభం అక్కడే ఉంది.

ఇంకో సంగతి. అలా వేసి ఇచ్చినప్పుడు మిమ్మల్ని నమ్మి వచ్చిన మనిషి చేతిలో కూడా దొంగ సరుకు పెడుతున్నారు. ఆక్వా మేత వ్యాపారి, స్కూలు కరస్పాండెంటు, ఆడిటరు, ఎవరైనా సరే. తన లెక్కలన్నీ ఆ సిస్టమ్‌లోనే పెట్టుకుంటాడు. అందులో ఏముందో అతనికి తెలియదు. అందుకే కొటేషన్‌లో హార్డ్‌వేర్‌కి ఒక లైను, సాఫ్ట్‌వేర్ లైసెన్సుకి ఒక లైను వేరుగా రాయండి. ధర చూసి వద్దంటే, డబ్బు కట్టక్కర్లేని లినక్సు, లిబ్రెఆఫీస్ వేసి ఇవ్వండి.

4. "టెలిగ్రామ్‌లో అమ్ము, సర్వర్ విదేశాల్లో పెట్టు, ఎవరికీ దొరకవు"

కోచింగ్ మెటీరియల్ పైరసీ కేసులో 2022 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, చానళ్లు నడిపేవాళ్ల వివరాలు ఇవ్వమని టెలిగ్రామ్‌ను ఆదేశించింది. తర్వాత ఆ సంస్థ పేర్లు, ఫోన్ నంబర్లు, ఐపీ అడ్రసులు కోర్టుకి సమర్పించింది. ఇక విదేశం సంగతి. హ్యూ గ్రిఫిత్స్ అనే ఆస్ట్రేలియా నివాసి డ్రింక్ ఆర్ డై అనే క్రాక్ ముఠాలో ముఖ్యుడు. ఇంట్లో కూర్చునే ఆ పని చేశాడు. అయినా 2007లో అతన్ని అమెరికాకి అప్పగించారు. అక్కడ 51 నెలల శిక్ష పడింది.

2025 నవంబరులో సినిమాల పైరసీ సైటు ఐబొమ్మ కేసులో హైదరాబాదు పోలీసులు ఒక వెబ్ డెవలపర్‌ను అరెస్టు చేశారు. సైటు విదేశీ సర్వర్ల మీద నడిచిందని వాళ్ల మాట. నేరం సంగతి కోర్టు తేల్చాలి. కానీ సర్వర్ దూరం మనిషిని దాచదని మాత్రం ఆ అరెస్టు చూస్తే తెలుస్తుంది.

5. "మన ఊళ్ల దాకా ఎవరొస్తారు?"

కృష్ణా జిల్లా పెడన గుర్తుందా? కలంకారీకి పేరున్న ఆ చిన్న ఊళ్లోనే 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' సీడీలు దొరికాయి. సినిమా అప్పటికి విడుదలే కాలేదు. గంటన్నర బొమ్మ బయటికొచ్చేసింది. పోలీసులు తీగ లాగితే డొంక కదిలి, హైదరాబాదులో ఆ సినిమాకి పనిచేసిన మనిషి దాకా వెళ్లింది. అక్టోబరులో రావాల్సిన సినిమాని నిర్మాత సెప్టెంబరు 27నే విడుదల చేసుకోవాల్సి వచ్చింది. చిన్న ఊరు ఎవరికీ కనపడదన్న ధీమా ఆ వారంతోనే పోవాల్సింది.

చట్టం కూడా అప్పటికంటే గట్టిపడింది. అనుమతి లేకుండా కాపీలు చేసి అమ్మడం 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా శిక్ష పడే నేరం. అది కాగ్నిజబుల్, నాన్‌బెయిలబుల్ నేరమని 2022 మేలో సుప్రీంకోర్టు నిట్ ప్రో కేసులో తేల్చింది. అంటే వారెంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు. బెయిలు కోసం కోర్టు మెట్లెక్కాలి. సీఐ గారు తెలిసినవాడే కదా అనుకుంటూ కూర్చుంటే లాభం లేదు.

6. "యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చెయ్యి"

ఈ సలహాల్లో ఎక్కువ ఇళ్లు ముంచేది ఇదే అని నా నమ్మకం. జైలు దాకా వెళ్లేవాళ్లు కొందరే. ఫైళ్లు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

క్రాక్ చేసినవాడు మీకెందుకు ఉపకారం చేస్తున్నాడు? స్టాప్ లేదా డీజేవీయూ అని పిలిచే రాన్సమ్‌వేర్ ఎక్కువగా క్రాకులు, కీజెన్ల (దొంగ లైసెన్సు కీలు పుట్టించే ప్రోగ్రాముల) వెంటే వస్తుంది. ఒకసారి లోపలికొస్తే ఫోటోలు, వీడియోలు, డాక్యుమెంట్లు అన్నీ తాళం పడతాయి. దాదాపు వెయ్యి డాలర్లు కట్టు, 72 గంటల్లోపైతే సగం చాలు అని నోటీసు పెడుతుంది. పెళ్లిళ్ల సీజనులో ఒక స్టూడియో సిస్టమ్‌కి ఇది పట్టిందనుకోండి. కరిజ్మా ఆల్బమ్ ఇంకా డిజైనింగ్‌లోనే ఉంది. పెళ్లికూతురు తల్లిదండ్రులకి ఏం చెబుతారు? డబ్బు వెనక్కి ఇవ్వగలరేమో, తలంబ్రాల ఫోటోలు మళ్లీ తీయలేరు.

విండోస్ యాక్టివేషన్ కోసం దించుకునే కేఎంఎస్‌పికో పేరుతో తిరిగే నకిలీ ఇన్‌స్టాలర్లలో క్రిప్ట్‌బాట్ అనే దొంగ ప్రోగ్రాము ఉందని 2021 డిసెంబరులో రెడ్ కానరీ అనే భద్రతా సంస్థ బయటపెట్టింది. అది బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డులు ఎత్తుకుపోతుంది. వెబ్ డిజైనర్లకి ఇంకోటి ఉంది. డబ్బుకి అమ్మే వర్డ్‌ప్రెస్ థీములు, ప్లగిన్లను తాళం తీసి ఊరికే పంచే 'నల్డ్' సైట్ల ద్వారా డబ్ల్యూపీ-వీసీడీ అనే మాల్‌వేర్ వేలాది సైట్లలోకి పాకింది. 2019లో వర్డ్‌ఫెన్స్ దాని మీద పెద్ద నివేదికే ఇచ్చింది. ఒక సైటులోకి వస్తే అదే హోస్టింగులో ఉన్న మిగతావాటికీ అంటుకుంటుంది. మీ కస్టమర్లందరి సైట్లూ ఒకే ఖాతాలో పెట్టారా? అయితే ఒక్కరి కోసం దించిన థీము అందరినీ ముంచుతుంది.

యాంటీవైరస్ ఆపమన్న మాట వినపడగానే అక్కడితో ఆగిపోండి. థీములు, ప్లగిన్లు వర్డ్‌ప్రెస్ సొంత డైరెక్టరీ నుంచో, చేసినవాళ్ల దగ్గర్నుంచో తెచ్చుకోండి. కస్టమరు ఫైళ్లకి కనీసం రెండు కాపీలు ఉంచండి. అందులో ఒకటి సిస్టమ్‌కి తగిలించని డిస్కులో ఉండాలి.

7. "పెద్ద కంపెనీలకి పోయేదేముంది? ముందు సంపాదించు, తర్వాత అన్నీ కొనుక్కోవచ్చు"

డానీ ఫెర్రర్ సంపాదించాడు. ఫ్లోరిడాలో బైస్‌యూఎస్ఏ అనే సైటు నడిపి అడోబీ, ఆటోడెస్క్, మాక్రోమీడియా దొంగ కాపీలు 41 లక్షల డాలర్ల మేర అమ్మాడు. విమానాలు, హెలికాప్టరు, లాంబోర్గిని కొన్నాడు. 2006 ఆగస్టులో ఆరేళ్ల జైలు పడింది. ఆ విమానాలు, ఆ కారు అన్నీ జప్తయ్యాయి. "తర్వాత కొనుక్కోవచ్చు" అన్నమాట అతని విషయంలో ఎప్పటికీ నిజం కాలేదు.

పెద్ద కంపెనీలకి పోయేదేమీ లేదన్న సంగతి ఒప్పుకుందాం అనుకున్నా, మన సంగతేమిటి? తెలుగు ఫాంటు చేసేవాడు కొన్ని వందల ఆకారాలు గీయాలి. గుణింతాలు, ఒత్తులు, అవి ఒకదానితో ఒకటి కూర్చునే తీరు, అన్నీ చూసుకోవాలి. అలాంటి ఫాంట్ల దొంగ కాపీలు మన డీటీపీ షాపుల్లో చేతులు మారుతూనే ఉన్నాయి. అవి చేసింది అమెరికా కంపెనీ కాదు, మన తెలుగువాళ్లే.

అసలు విషయం ఇక్కడుంది. మీరు అమ్మేది కూడా ఫైలే. మీరు వేసిన పెళ్లికార్డు డిజైను పక్క ఫ్లెక్సీ షాపువాడు ఎత్తేస్తే కడుపు మండుతుంది. చేసి ఇచ్చిన వెబ్‌సైటును కస్టమరు డబ్బు పూర్తిగా కట్టకుండా బంధువుకి కాపీ కొట్టి ఇస్తే గొడవ పడతారు. ఆ గొడవలో మీ పక్కన నిలబడేది ఈ కాపీరైట్ చట్టమే. ఎవరి దగ్గరా జీతానికి కాకుండా కాంట్రాక్టు మీద రాసిన కోడ్‌కి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు మీరే. 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా రాసిస్తేనే ఆ హక్కు చేతులు మారుతుంది. గడువు రాయకపోతే అయిదేళ్లకే పరిమితం. ఇంత బలమైన హక్కును మీ పొట్టకూటి కోసం వాడుకుంటూ, ఇంకొకరి విషయంలో లెక్కలేదంటే ఎలా? క్రాక్ అమ్మే డిజైనరు తన వృత్తినే తక్కువ ధరకి అమ్ముకుంటున్నాడు. ఊళ్లో గౌరవం ఉన్నవాడు అమ్మితే ఆ నష్టం ఇంకా ఎక్కువ. అతన్ని చూసే పిల్లలు పని నేర్చుకుంటారు.

మరి ఏం చెయ్యాలి?

ఫోటో పనికి జింప్, బొమ్మలకి క్రిటా, లోగోలకి ఇంక్‌స్కేప్ ఉన్నాయి. పెళ్లి వీడియోల ఎడిటింగుకి డావిన్చి రిసాల్వ్ ఉచిత వెర్షన్ బాగా సరిపోతుంది. పేజీ లేఅవుట్‌కి స్క్రైబస్ ఉంది. 2024లో వచ్చిన 1.6 వెర్షన్ నుంచి తెలుగు ఒత్తులు కూడా సరిగ్గా కూర్చుంటున్నాయి. ఫాంట్ల కోసం సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, గిడుగు, సురవరం, ధూర్జటి గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కాబట్టి డబ్బు తీసుకుని చేసే పనికీ వాడుకోవచ్చు. ప్రెస్సువాళ్లు పేజ్‌మేకర్ ఫైలే కావాలంటే, ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఇస్తానని ఒకసారి మాట్లాడి చూడండి. ఫోటోషాప్ లేకుండా కుదరని పని నిజంగా ఉంటే, నెలవారీ చందా కట్టి ఆ ఖర్చు జాబ్‌వర్క్ ధరలో కలపండి.

కస్టమరు "అన్నీ వేసి పెట్టండి" అంటే మొహమాటపడకండి. "దొంగ కాపీ నా దగ్గర లేదండి. లైసెన్సు కొంటే వేసి పెడతాను. వద్దంటే ఉచితంగా దొరికేవి వేసి, ఎలా వాడాలో దగ్గరుండి నేర్పిస్తాను" అనండి. కొందరు వెళ్లిపోతారు. సిస్టమ్ పాడైన రోజున వాళ్లలో కొందరు తిరిగొస్తారు.

ఇవాళే షాపులో ప్రతి సిస్టమూ తెరిచి, దేనికి బిల్లుందో, దేనికి లేదో కాగితం మీద రాయండి. లేనివాటిలో ముందు కస్టమర్ల ఫైళ్లు, పాస్‌వర్డులు ఉన్న సిస్టమ్‌ను శుభ్రం చేయండి. తర్వాత మిగతావి. అన్నీ ఒక్క నెలలో కాకపోయినా ఫర్వాలేదు. కొత్త క్రాక్ ఒక్కటి కూడా లోపలికి రానివ్వకండి, బయటికి పోనివ్వకండి.